ఊళ్లో 20 గుంటల పెరడు: పిట్టలు, సీతాకోకచిలుకలు రావాలి, అమ్మకేమో పాముల భయం

చెల్కదారి అడిగారు:

నమస్తే. జనగామ దగ్గర మా ఊళ్లో పాత ఇల్లు, దాని వెనక 20 గుంటల జాగా మా వాటాకు వచ్చాయి. ఎర్ర చెల్క నేల. చాలా ఏళ్లుగా ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు అక్కడ మూలన సర్కారు తుమ్మ గుబురు, గట్టు వెంట రేగు కంపలు, తల పోయిన ఒక తాటి మోడు, దూరంగా ఒక పుట్ట, సగం పూడిన చేదబావి ఉన్నాయి. మిగతా జాగా అంతా ఎండిన వయ్యారిభామే. బోరు ఉంది గానీ ఎండాకాలం అరగంట పోసి ఆగిపోతుంది.

నాది హైదరాబాద్‌లో ఉద్యోగం. శని, ఆదివారాలు ఊళ్లో ఉంటాను. అమ్మ అక్కడే ఉంటుంది. పండ్లు అమ్ముకోవాలన్న ఆశ లేదు. పిట్టలు రావాలి, సీతాకోకచిలుకలు రావాలి, వానాకాలం కప్పలు అరవాలి, పిల్లలు ఫోన్ పక్కన పెట్టి అవి చూడాలి. అంతే. అమ్మ మాత్రం "చెత్తా చెదారం పెంచితే పాములొస్తయి. రాత్రిపూట బాత్రూంకు బయటికి పోయేది నేను, నువ్వు కాదు" అంటోంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

మా బావ సలహా వేరే. జేసీబీతో మొత్తం చదును చేయించి, చుట్టూ గోడ కట్టి, గోడ వెంట కోనోకార్పస్ పెట్టి, మధ్యలో లాన్ పరిస్తే పని అయిపోతుందంటాడు. వచ్చే వారం జేసీబీ మాట్లాడేశాడు కూడా. వానలు పడేలోపు ఏ మొక్కలు తెచ్చుకోవాలో ఒక లిస్టు చెప్తారా?


పంతులమ్మ_మెదక్:

లిస్టు తర్వాత చూద్దాం. ముందు ఆ జేసీబీని ఆపు బాబూ. (నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు. బళ్లో చెప్పీ చెప్పీ నోటికి అదే వస్తుంది.)

నువ్వు రాసినవాటిలో వయ్యారిభామ, సర్కారు తుమ్మ తీసేస్తే మిగతావి ఏ నర్సరీలోనూ కొనలేవు. తల పోయిన తాటి మోడునే తీసుకో. మీ బావ దాన్ని పొయ్యిలోకి పనికొస్తుందనే చూస్తాడు. దాని పైభాగాన తొర్ర ఉందేమో చూడు. పాలపిట్ట తనకు తానుగా చెట్టుకు తొర్ర చేసుకోలేదు. ఇలాంటి మోడుల్లో, పాత చెట్ల బొక్కల్లో గుడ్లు పెడుతుంది. రామచిలుకలకూ, చిన్న గుడ్లగూబలకూ అదే ఇల్లు. దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరవతలకు పోతాం, మన రాష్ట్ర పక్షి అని పిల్లలతో బట్టీ పట్టిస్తాం, అది ఉండే మోడును మాత్రం కొట్టి పారేస్తాం. గాలికి కూలినా ఇంటి మీద పడనంత దూరంలో ఉంటే దాని జోలికి పోవద్దు.

రేగు కంపలూ అంతే. పూత పూసినప్పుడు దాని దగ్గర పది నిమిషాలు నిలబడు. ఆకుపచ్చ రంగు పూలు, కంటికి ఆనవు. కానీ చెట్టంతా ఝుమ్మంటూ ఉంటుంది. తేనెటీగలు, కందిరీగలు, పేరు తెలియని ఈగలు ఎన్నో. ముళ్లున్నాయి కాబట్టి పిల్లి లోపలికి పోలేదు, చిన్న పిట్టలు అందుకే అక్కడ గూడు కడతాయి. పండ్లు పికిలి పిట్టలకు, పిల్లలకు. గట్టు వెంట ఉన్నది కాబట్టి దారికి అడ్డం కూడా కాదు.

ఇక అమ్మ భయం. దాన్ని తేలిగ్గా తీసుకోకు. పెరడు మొత్తం అడవి చేస్తానంటే నేను కూడా అమ్మ పక్షమే. జాగాను మూడుగా అనుకో. ఇంటి గోడ నుంచి ఓ 30 అడుగులు వాకిలి లెక్క. ఊడ్చిన నేల, ముగ్గు వేసేంత శుభ్రం. అక్కడ గుబురు పొద ఒక్కటి కూడా వద్దు. కట్టెలు, పిడకలు, మిగిలిన ఇటుకలు, పెంకులు ఇంటి గోడకు ఆనించి పెట్టొద్దు. వడ్లు, జొన్నలు మూతలేని గోనెల్లో ఉంచొద్దు. గింజ ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పాము. ఆ తర్వాత మధ్య భాగం పూల మొక్కలు, కరివేపాకు, నిమ్మ, మందార, మునగ. అన్నీ ఎడంగా, కింద నేల కనిపించేట్టు. చివరి మూడో వంతు మాత్రం దానిష్టం. ఆ మోడు, రేగు, పుట్ట అన్నీ ఇంటికి దూరంగా చివరనే ఉంటే సగం పని అయిపోయినట్టే. కట్టెల కుప్ప, ఆకుల కుప్ప కూడా అక్కడే పెట్టు. ఎండిన కట్టెల్లో, వెదురు బొంగుల్లో నల్ల తుమ్మెదలు బొక్కలు చేసుకుంటాయి. ఆకుల కింద తొండలు, జెర్రులు, రకరకాల పురుగులు.

రాత్రంతా వెలిగే పెద్ద లైటు పెరట్లో పెట్టించకు. లైటుకు పురుగులు, పురుగులకు కప్పలు, కప్పలకు ఏం వస్తుందో అమ్మకే తెలుసు. బాత్రూం దారికి మాత్రం మనిషి వచ్చినప్పుడే వెలిగే చిన్న లైటు పెట్టించు.

గోడ విషయం. ముందు వైపు కట్టుకో, దొంగల భయం ఉంటుంది. వెనక మూడు వైపులా జీవ కంచె వెయ్యి. వావిలి, గోరింట, వాక్కాయ, మధ్య మధ్య గచ్చ. వావిలిని మేకలు ముట్టవు, నీళ్లు అడగదు, ఊదా రంగు పూతకు తేనెటీగలు కమ్ముకుంటాయి. గచ్చ తీగ అల్లుకుందంటే మనిషి కాదు, పంది కూడా దూరదు. గోడ కడితే ముంగిస, ఉడుము, తాబేలు అన్నీ అవతలే ఉండిపోతాయి.

కోనోకార్పస్ గురించి ఒక్క మాట. అది మన చెట్టు కాదు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటొద్దని నిషేధించింది. నేను చూసినంతలో దాని మీద గూడు కట్టిన పిట్ట లేదు, దాని ఆకు తిన్న పురుగు లేదు. పురుగు తినని చెట్టు అని నర్సరీ వాళ్లు గొప్పగా చెప్తారు. పురుగే లేకపోతే పిట్ట తన పిల్లకు ఏం పెడుతుంది?


పత్తిచేను:

టీచరమ్మ చెప్పింది వినడానికి బాగుంది. నేను రైతును, రెండో వైపు చెప్తా. మా ఊళ్లో కోతుల బాధకు కూరగాయలు వెయ్యడం మానేసినం. 2015లో హరితహారం మొదలైనప్పుడు "వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె" అన్నరు. వానల సంగతి దేవుడికి తెలుసు, కోతులు మాత్రం మా ఇండ్ల మీదనే ఉన్నయి. నువ్వు జామ, మామిడి, సీతాఫలం పెట్టినవనుకో, శనివారం నువ్వొచ్చేసరికి ఆకులు కూడా మిగలవు. మీ అమ్మ కర్ర పట్టుకొని కూర్చోవాలె.

ఇంకోటి. నీ జాగా పక్కన పత్తి చేను ఉంటే వాళ్లు కొట్టే మందు గాలికి నీ పూల మీద పడుతది. నీ సీతాకోకచిలుకలు ఆ రోజే పోతయి. పక్క రైతుతో ముందే మంచిగా మాట్లాడి పెట్టుకో, కొట్టే రోజు చెప్పమను, గాలి నీ దిక్కు లేనప్పుడు కొట్టమను. కొట్లాట పెట్టుకోకు, ఆయన బతుకుదెరువు అది.

పందుల కోసమని కంచెకు కరెంటు తీగ మాత్రం ఎవరు చెప్పినా పెట్టకు. మనుషులు పోతున్నరు. కేసు అయితది.


పంతులమ్మ_మెదక్:

పత్తిచేను అన్న చెప్పిన కోతుల మాట నిజం, దానికి నా దగ్గర మందు లేదు. అందుకే మధ్య భాగంలో జామ, మామిడి లాంటి పండ్ల చెట్లు చెప్పలేదు. చివర భాగంలో మేడి చెట్టు ఒకటి పెట్టు. కోతులు తింటాయి, కాదనను. కానీ మేడి ఏడాదిలో ఒక్కసారి కాసి ఊరుకోదు, మొదలు నుంచి కొమ్మల దాకా గుత్తులు గుత్తులుగా మళ్లీ మళ్లీ కాస్తుంది. పికిలి పిట్టలు, గోరింకలు, ఉడుతలు, రాత్రి గబ్బిలాలు, అందరికీ సరిపోతుంది. ఇంటికి, బావికి దూరంగా పెట్టు, లేకపోతే వేర్లు అక్కడిదాకా పాకుతాయి. మర్రి, రావి 20 గుంటల్లో వద్దు.

పక్క చేలో మందు కొట్టే వైపు వావిలి కంచె రెండు వరుసలు వెయ్యి. కొంతైనా ఆపుతుంది. నువ్వు మాత్రం గడ్డి మందు ఇంట్లోకి తేవద్దు, ఎలుకల మందు అసలే వద్దు. మందు తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే గుడ్లగూబ కూడా పోతుంది. అది ఉంటే ఎలుకల పని అదే చూసుకునేది.


చెల్కదారి:

జేసీబీని ఆపేశాను. బావ మొహం మాడ్చుకున్నాడు. అమ్మకు మీ "మూడు భాగాల" లెక్క చదివి వినిపించాను. "వాకిలి వరకు నా రాజ్యమైతే సరే" అంది.

ఇంకో రెండు అడగాలి. ఒకటి, నీటి గుంట తవ్వాలని ఉంది, దోమలు వస్తాయని టెన్షన్. రెండు, ఇప్పుడున్న కరివేపాకు చెట్టుకు పురుగు పట్టింది. నల్లగా, తెల్లగా మచ్చలతో పిట్ట రెట్టలా ఉన్నాయి, కదిలిస్తే గానీ పురుగని తెలియలేదు. అమ్మ వేప కషాయం కొడతానంటోంది. కొట్టమనాలా?


పంతులమ్మ_మెదక్:

వద్దు, వద్దు. నువ్వు లిస్టు అడిగిన సీతాకోకచిలుకలు అవే.

అమ్మను, పిల్లలను పిలిచి దగ్గరగా చూపించు. చిన్నప్పుడు అలా రెట్టలా ఉంటాయి కాబట్టే పిట్ట ముక్కు పెట్టదు. కుబుసం విడిచి విడిచి పెద్దయ్యాక ఆకు రంగులోకి మారతాయి, తల దగ్గర రెండు కళ్లలాంటి మచ్చలు వస్తాయి. అప్పుడు ఒక పుల్లతో మెల్లగా తట్టు. తల వెనక నుంచి ఎర్రటి చిన్న కొమ్ము, రెండు పాయలుగా చీలింది, బయటికి పొడుచుకొస్తుంది. ఘాటు వాసన వేస్తుంది. అది శత్రువును భయపెట్టడానికి. కాసేపటికి లోపలికి లాక్కుంటుంది. మా బళ్లో పిల్లలు దీన్ని చూడటానికి లైను కట్టేవాళ్లు. తర్వాత కొమ్మకు నడుము దగ్గర సన్నటి దారం కట్టుకుని గూడుగా మారుతుంది. నల్లటి రెక్కల మీద తెల్ల మచ్చల వరుస ఉన్న పెద్ద సీతాకోకచిలుక వస్తుంది. నిమ్మ మీద, మారేడు మీద కూడా దీని చుట్టాలు పెరుగుతాయి.

అమ్మ వంటకు ఇబ్బంది కాకుండా ఇంకో కరివేపాకు మొక్క పెట్టు. ఒకటి అమ్మకు, ఒకటి పురుగులకు. అమ్మ చెట్టు మీద గుడ్డు పెడితే ఆ పురుగును ఆకుతో సహా తెంపి రెండో చెట్టు మీద వదలమను. మా ఇంట్లో ఇదే పద్ధతి.

పూలు చూసి సీతాకోకచిలుక తేనెకు వస్తుంది, పోతుంది. నిలబడాలంటే దాని పిల్లలకు ఆకు కావాలి. చాలావాటికి కొన్ని చెట్ల ఆకులే పడతాయి, వేరేది పెడితే ఆకలితో చస్తాయి గానీ తినవు. తంగేడు, రేల ఉంటే లేత పసుపు రెక్కలవి వస్తాయి. జిల్లేడు పీకకపోతే నారింజ రంగు రెక్కల అంచున నలుపు ఉండేది వస్తుంది, జిల్లేడు పాల విషం ఒంట్లో నింపుకుంటుంది కాబట్టి పిట్టలు దాన్ని వదిలేస్తాయి. ఆముదం నాలుగు మొక్కలు చాలు. గరిక, పిచ్చి గడ్డి ఒక మూల పెరగనివ్వు, గోధుమ రంగువి అక్కడే ఉంటాయి. బంతిపూలు, గన్నేరు పెట్టొద్దని కాదు, వాటితోనే అయిపోదు.

తంగేడుతో పాటు గునుగు కూడా చల్లు. చేలల్లో గడ్డి మందు వచ్చాక గునుగు ఎక్కడుంది? మా ఊళ్లో బతుకమ్మకు పువ్వు కోసం ఆటో కట్టించుకుని పోతున్నారు. నీ పెరట్లో ఉంటే వాడకట్టంతా నీ ఇంటికే వస్తుంది, ఎండిన కంకులకు గింజల పిట్టలు వస్తాయి. పండగకు కోసుకోగా సగం మొక్కలు విత్తనానికి వదిలెయ్యి.

నీటి గుంట. దోమలు నిలవ నీళ్లలో పెరుగుతాయి, నిజమే. కానీ గుంటలో తూనీగ పిల్లలు ఉంటే అవే దోమ పిల్లలను తింటాయి. తూనీగలను మనం తేనక్కర్లేదు, నీళ్లు చూసి వాటంతట అవే వస్తాయి. డబ్బాల్లో, టైర్లలో, కొబ్బరి చిప్పల్లో నిలిచిన నీళ్లకు ఆ కాపలా ఉండదు, దోమలు అక్కడివే ఎక్కువ. కొంతమంది గంబూసియా చేపలు వెయ్యమంటారు. వెయ్యకు, అవి కప్ప పిల్లలను కూడా మిగల్చవు. నీకు కప్పలు అరవాలి కదా.

ఓ పది అడుగుల వెడల్పు, నడిమధ్య రెండడుగుల లోతు చాలు. ఒక వైపు మాత్రం నిటారుగా తవ్వకు, నడిచి దిగేంత వాలుగా ఉండాలి. పిట్టలు అక్కడే స్నానం చేస్తాయి, పడ్డ తొండ అక్కడ నుంచే ఎక్కి వస్తుంది. చెల్క నేలలో నీళ్లు నిలవవు. చెరువు ఒండ్రు తెచ్చి జానెడు మందం పరిచి, తడిపి, కాళ్లతో బాగా తొక్కించు. కుదరకపోతే మందపాటి ప్లాస్టిక్ షీటు వేసి పైన మట్టి పొయ్యి. నీ బోరు ఎండాకాలం చాలదు కాబట్టి వంటింటి నీళ్లు కాదు, ఇంటి కప్పు మీద పడ్డ వాన నీళ్లు గుంటలోకి మళ్లించు. ఏప్రిల్‌లో ఎండిపోతే పోనీ. అప్పుడు మాత్రం నీడలో మట్టి మూకుళ్లు రెండు మూడు పెట్టి, రెండు రోజులకోసారి కడిగి నీళ్లు మార్చమను. మూకుడు మధ్యలో ఒక రాయి ఉంచితే తేనెటీగ దాని మీద నిలబడి తాగుతుంది.

చేదబావి పూడ్చకు, కానీ పిల్లలు వస్తారంటున్నావు కాబట్టి అన్నిటికన్నా ముందు దానికి గట్టు కట్టించి ఇనుప జాలీ వేయించు. ఇది మాత్రం వాయిదా వెయ్యొద్దు. లోపల ఒక పాత దూలం ఏటవాలుగా ఆనించి ఉంచితే పడ్డ జీవం పైకి వస్తుంది. పక్కన ఈత చెట్టు ఉంటే, వానాకాలం బావి మీదికి వంగిన మట్టల చివర గిజిగాళ్లు గూళ్లు అల్లుతాయి.


రాత్రిడ్యూటీ:

నేను ప్రభుత్వ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సును. వానాకాలం పాము కాట్లు మా దగ్గరికి చాలా వస్తాయి. అమ్మగారి కోసం రాస్తున్నా.

పెరట్లో కనిపించే పొడుగు పాముల్లో చాలావరకు జెర్రిపోతులే. విషం లేదు, ఎలుకలను తింటుంది. భయపడాల్సినవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. వీటిలో కట్లపాము రాత్రిపూట ఇంట్లోకి వస్తుంది, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలవుతుంది. గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని కూర్చున్నవాళ్లను చూశాను. కాబట్టి అమ్మను మంచం మీద పడుకోమనండి. దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపుకోవాలి. తలుపు కింద సందు మూయించండి. బయటికి వెళ్తే టార్చి, చెప్పులు తప్పనిసరి.

కరిస్తే బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు తాగించడం ఏవీ వద్దు. కాలో చెయ్యో కదపకుండా, నడిపించకుండా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకురండి. ఈ నాలుగు పాములకూ విరుగుడు ఇంజెక్షన్ ఒకటే, కాబట్టి ఏ పామో చూపించడానికి దాన్ని చంపి తేవాల్సిన పని లేదు. మందు ఉన్న ఆస్పత్రి మీ ఊరికి దగ్గర్లో ఏదో ఇప్పుడే కనుక్కుని నంబర్ గోడ మీద రాసి పెట్టండి.


చెల్కదారి:

మేడమ్, చాలా థాంక్స్. ఇది ప్రింట్ తీసి అమ్మ గదిలో అంటిస్తున్నాను. దోమతెర కొన్నాను. బావికి జాలీ కోసం వెల్డింగ్ అతను రేపు కొలతలు తీసుకుంటాడు.

టీచర్ గారూ, వయ్యారిభామ, సర్కారు తుమ్మ ఎలా వదిలించుకోవాలి? గింజలు ఎక్కడ తెచ్చుకోవాలి?


పంతులమ్మ_మెదక్:

సర్కారు తుమ్మ పైన నరికితే రెట్టింపు చిగురిస్తుంది, మొదలు తవ్వి తీయాలి. మీ బావ జేసీబీకి ఆ మూలన పని ఇవ్వు, ఆయన కూడా సంతోషపడతాడు. అయితే ఒక్కసారే అంతా కాదు. ఇప్పుడు సగం తీయించు, జెముడుకాకి గూడు ఏదైనా ఉందేమో ముందు చూసుకో. కంచె మొక్కలు ఎదిగాక మిగతా సగం.

వయ్యారిభామ తొలకరికి మళ్లీ మొలుస్తుంది. నేల తడిగా ఉన్నప్పుడు, పూత రాకముందు వేర్లతో పీకాలి. చేతులకు గ్లౌజులు వేసుకో, దురద, ఆయాసం వస్తాయి. ఖాళీ అయిన చోట వెంటనే తగిరిస, జనుము చల్లు. ఖాళీగా వదిలావా, మళ్లీ అదే వస్తుంది. జనుము పసుపు పూతకు తేనెటీగలు, చిన్న నీలం సీతాకోకచిలుకలు వస్తాయి, చివర్లో దున్నితే నేలకు ఎరువు. మందులు పడని నేల అయితే ఆరుద్ర కార్తెలో ఎర్ర ఆరుద్ర పురుగులు కూడా కనిపిస్తాయి, పిల్లల అరచేతిలో పెట్టి చూపించి మళ్లీ వదిలెయ్యమను.

గింజలకు కొనేది ఏమీ లేదు. కానుగ, వేప మీ పంచాయతీ నర్సరీలో అడుగు. తంగేడు కాయలు రోడ్డు పక్కన ఎండి వేలాడుతుంటాయి, కోసుకో. రాత్రంతా నానబెట్టి నాటు. రేల గింజ గట్టిది, ఒక అంచున ఇసుక కాగితంతో గీకి నానబెట్టు. గచ్చ గింజ ఇంకా మొండిది, బండ మీద ఒక వైపు పెంకు పోయేదాకా రుద్దాలి, ఆ పని పిల్లలకు అప్పజెప్పు. మోదుగ గింజ నిలవ ఉంటే మొలవదు, ఈ ఏడాది రాలినవే ఏరి వెంటనే పెట్టు. వావిలి, గోరింట కొమ్మలు మృగశిరలో గుచ్చితే చాలు, నాటుకుంటాయి. గునుగు విత్తనం నా దగ్గర ఉంది. అడ్రసు ఇక్కడ రాయకు, విడిగా మెసేజ్ పెట్టు, పోస్టులో పంపిస్తాను.